వాపీజలగణితము : స్థూలము, సూక్ష్మము

సనాతన ధర్మమున గృహస్థునకు విహితములైన పుణ్యకర్మలు ఇష్టమనియు పూర్తమనియు రెండు విధములు. యజ్ఞయాగాదులు ఇష్టము. వాపీకూపతటాక నిర్మాణము, దేవాలయ ప్రతిష్ఠ, అన్నదానము మున్నగునవి పూర్తము. పూర్తకర్మలలో జలదానమునకు విశేష స్థానము కలదు. ఒక కోనేటిని త్రవ్వింప సంకల్పించిన దాత ఎదుట మంత్రము కంటె, ముహూర్తము కంటె ముందుగా ఒక ప్రశ్న నిలుచును. ఈ వాపిలో ఎంత మన్ను తీయవలెను? తీసిన పిమ్మట అందులో ఎంత నీరు నిలుచును? మొదటి దానిపై త్రవ్వువారి కూలి ఆధారపడియుండును. రెండవ దానిపై ఆ జలమును నమ్ముకొనిన వారి జీవనము ఆధారపడియుండును.

నీటికి తనదైన ఆకారము లేదు. అది పాత్ర యొక్క ఆకారమునే ధరించును. కావున నీటిని కొలువదలచినవాడు నీరు చేరు శూన్యమును కొలువవలెను. ఆ శూన్యమునకే మన గణితాచార్యులు ఖాతమని పేరిడిరి. క్రీ.శ. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు గణితాధ్యాయమున ఎనిమిది వ్యవహారములను పేర్కొనెను. అవి మిశ్రకము, శ్రేఢీ, క్షేత్రము, ఖాతము, చితి, క్రాకచికము, రాశి, ఛాయ. వీనిలో నాల్గవదైన ఖాతవ్యవహారము త్రవ్విన గోతుల ఘనఫలమును తెలుపు శాస్త్రము. కోనేటి నీటి లెక్క ఇందులోనిదే.

వేది నుండి వాపికి

ఈ విద్యకు పునాది యజ్ఞశాలలో పడినది. తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు అనుసరించు ఆపస్తంబ సూత్రములలో శుల్బసూత్రమొకటి. అందు సోమయాగమునకు కావలసిన మహావేది ప్రమాణము చెప్పబడినది. పశ్చిమ భుజము 30 పదములు, తూర్పు భుజము 24 పదములు, ప్రాచి అనగా నడుమ పొడవు 36 పదములు. దాని క్షేత్రఫలము 972 అని సూత్రకారుడే నిర్ణయించి, అది ఎట్లు సిద్ధించునో కూడ చూపెను. ఒక ప్రక్కన కోసిన త్రికోణఖండమును రెండవ ప్రక్కకు త్రిప్పి చేర్చిన యెడల వేది దీర్ఘచతురస్రమగును. దాని వెడల్పు 30, 24ల సగటైన 27. 27ను 36తో గుణించిన 972 వచ్చును. ఇందులో లేశమైనను తేడా లేదు.

సమతలక్షేత్రమున ఇట్లు సగటు పూర్ణసత్యమునే ఇచ్చుచున్నది. ఇది చూచిన బుద్ధి సహజముగా ఒక అడుగు ముందుకు వేయును. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండు కోనేటికి కూడ పై కొలతకు, క్రింది కొలతకు సగటు తీసి లోతుతో గుణించిన చాలదా? చాలదనుటయే ఖాతవ్యవహారము నేర్పు ముఖ్యపాఠము. వేదిపై సత్యమైనది వాపిలో సత్యమునకు సమీపమున మాత్రమే ఆగిపోవును. ఎంత దూరమున ఆగునో, ఎందువలన ఆగునో తెలిసికొనుటలోనే మన పూర్వుల ప్రతిభ కనబడును.

ఘనహస్తము

ముందుగా మానము తెలియవలెను. భాస్కరాచార్యుడు క్రీ.శ. 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో భాగమైన లీలావతీ గ్రంథారంభమున ఈ పరిభాషను చెప్పెను. 8 యవోదరములు ఒక అంగుళము. 24 అంగుళములు ఒక హస్తము, అనగా మన మూర. పొడవు, వెడల్పు, మందము ఒక్కొక్క హస్తము గల పండ్రెండు అంచుల ఘనము ఘనహస్తము. ధాన్యాదులను కొలుచునపుడు అదియే మాగధ ఖారి. ఖారిలో పదునారవ వంతు ద్రోణము. ద్రోణమున నాల్గవ వంతు ఆఢకము.

హస్తప్రమాణము దేశకాలములను బట్టి కొంత మారుచుండెను. స్థూలముగా 45 సెంటీమీటర్లని గ్రహించిన యెడల ఒక ఘనహస్తమున సుమారు 91 లీటర్ల నీరు పట్టును. ఈ ఒక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొనిన చాలును. పూర్వగ్రంథముల లెక్కలన్నియు నేటి లీటర్లలో పలుకనారంభించును.

సగమా, మూడవ వంతా

అంచులు నిలువుగా నుండి అడుగు సమముగా ఉన్న గోతికి సమఖాతమని పేరు. క్షేత్రఫలమును వేధముతో, అనగా లోతుతో, గుణించిన దాని ఘనఫలము వచ్చును. ఇందు వివాదము లేదు. పైన వెడల్పుగా ఆరంభమై అడుగున ఒక్క బిందువున ముగియు గోతికి సూచీఖాతమని పేరు. కష్టము ఇక్కడనే మొదలగును.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున, త్రిభుజాధారముపై నిలిచి శిఖరమున ఒక బిందువుగా ముగియు షడశ్రికి ఘనఫలము ఆధారక్షేత్రఫలమును ఔన్నత్యముతో గుణించినదానిలో సగమని చెప్పబడినది. త్రిభుజము దీర్ఘచతురస్రమున సగమగుటను బట్టి ఘనమునందును అట్లే ఉండునని తోచుట సహజమే. కాని అది సరికాదు. బ్రహ్మగుప్తుడు సూచీఖాతము సమఖాతమున మూడవ వంతని స్పష్టముగా విధించెను. లీలావతి యందు 12 హస్తముల భుజము గల చతురస్రఖాతము 9 హస్తముల లోతున ఉదాహరింపబడినది. సమఖాతమైన 1296 ఘనహస్తములు. సూచియైన 432. సగమని లెక్కించిన యెడల 648 వచ్చును. భేదము 216 ఘనహస్తములు. త్రవ్వని మట్టికి ధనము చెల్లించుట, లేని నీటిని ఉన్నదని నమ్ముట అను రెండు దోషములు ఆ భేదములో దాగియున్నవి.

భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని చాటిన ఆర్యభటుని మహిమకు ఇందువలన ఏ లోపమును రాదు. ఆచార్యుని పట్ల భక్తి వేరు, ఆచార్యవాక్య పరీక్ష వేరు. తరువాతి వారు ఆయన గ్రంథమును పఠించిరి, వ్యాఖ్యానించిరి, పూజించిరి. ఐనను కోనేటిని కొలుచునపుడు మూడవ వంతునే గ్రహించిరి. సంప్రదాయము సజీవముగా ఉండుట అనగా ఇదియే.

రెండు స్థూలముల నడుమ సత్యము

దేవాలయ పుష్కరిణులు సాధారణముగా నిలువు గోతులును కావు, బిందువున ముగియు సూచులును కావు. నాలుగు వైపుల మెట్లు దిగుచు వచ్చి అడుగున చిన్న చతురస్రముగా నిలుచును. ముఖము పెద్దది, తలము చిన్నది. ఇట్టి వాపికి బ్రహ్మగుప్తుడు మూడు ఫలములను చెప్పెను.

మొదటిది వ్యావహారికము. ముఖతలముల భుజములకు సగటులు తీసి, వానితో క్షేత్రఫలము కట్టి, లోతుతో గుణించుట. రెండవది ఔత్రము. ముఖక్షేత్రఫలమును తలక్షేత్రఫలమును వేరువేరుగా కట్టి, వాని సగటును లోతుతో గుణించుట. మూడవది సూక్ష్మము. ఔత్రము నుండి వ్యావహారికమును తీసివేసి, శేషమును మూడుతో భాగించి, లబ్ధమును వ్యావహారికమునకు చేర్చుట. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున గణితసారసంగ్రహమును రచించిన మహావీరాచార్యుడు ఈ మార్గమునే కర్మాంతికము, ఔండ్రము, సూక్ష్మము అను పేర్లతో చెప్పెను.

లీలావతిలోని వాపి నుదాహరణగా గైకొందము. ముఖమున 10 హస్తముల వెడల్పు, 12 హస్తముల పొడవు. తలమున ఆ రెండును సగము, అనగా 5, 6. లోతు 7 హస్తములు. భుజముల సగటులు ఏడున్నర, తొమ్మిది. వానిని 7తో గుణించిన వ్యావహారికఫలము 472½. ముఖక్షేత్రఫలము 120, తలక్షేత్రఫలము 30, వాని సగటు 75. దానిని 7తో గుణించిన ఔత్రఫలము 525. రెంటి భేదము 52½. అందు మూడవ వంతు 17½. దానిని 472½కు చేర్చిన 490. ఇదియే సూక్ష్మఫలము.

భాస్కరాచార్యుడు అదే సత్యమునకు మరియొక సోపానమును నిర్మించెను. ముఖక్షేత్రఫలము 120. తలక్షేత్రఫలము 30. ముఖతల భుజములను కూడగా వచ్చు 15, 18ల క్షేత్రఫలము 270. మూడింటి మొత్తము 420. దానిని ఆరుతో భాగించిన 70. లోతు 7తో గుణించిన 490. బ్రహ్మగుప్తునకు భాస్కరునకు నడుమ ఐదు శతాబ్దములకు పైగా గడచినను, త్రోవలు వేరైనను, చేరిన చోటు ఒక్కటియే. నేటి మానమున ఆ వాపిలో సుమారు 44,650 లీటర్ల నీరు పట్టును.

మూడుతో భాగించుట ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానము వాపిని మనస్సున ఖండించి చూచిన తెలియును. నడుమ అడుగు నుండి పైవరకు 5, 6, 7 కొలతల నిలువు గొయ్యి ఉన్నది. దాని ఫలము 210. నాలుగు ప్రక్కల మెట్ల మీది భాగము ఏటవాలుగా ఉండుటచే నిలువు ఖండములలో సగము చొప్పున వచ్చును. ఒక్కొక్కటి 52½, నాలుగును కలిసి 210. మిగిలినవి నాలుగు మూలలు. ఒక్కొక్క మూల రెండున్నర హస్తముల వెడల్పు, మూడు హస్తముల పొడవు, ఏడు హస్తముల లోతు గల సూచి. మూడవ వంతు చొప్పున ఒక్కొక్కటి 17½, నాలుగును కలిసి 70. మొత్తము 490.

నడిమి గోతిలోను, ప్రక్కలలోను ఏ పద్ధతికిని భేదము లేదు. భేదమంతయు నాలుగు మూలలలోనే ఉన్నది. వ్యావహారికము ప్రతి మూలను నాల్గవ వంతుగా లెక్కించుచున్నది, కావున తక్కువ పడుచున్నది. ఔత్రము ప్రతి మూలను సగముగా లెక్కించుచున్నది, కావున ఎక్కువ అగుచున్నది. సత్యము మూడవ వంతు. నాల్గవ వంతు నుండి సగమువరకు గల దూరములో మూడవ భాగము నడిచిన యెడల సరిగా మూడవ వంతు వద్దకు చేరుదుము. బ్రహ్మగుప్తుని మూడుతో భాగించు విధి యొక్క రహస్యమిదియే. సూచీఖాతమున నేర్చిన పాఠమే ఇచట కోనేటి నాలుగు మూలలలో ఫలించినది.

సమముకాని అడుగు

కోనేటి అడుగు అంతట ఒకే లోతున ఉండదు. ఒకవైపు స్నానమునకు అనువుగా లోతు తక్కువ, మరియొకవైపు ఎక్కువ. ఇట్టి చోట ఎట్లు? బ్రహ్మస్ఫుటసిద్ధాంతమునకు భాష్యము వ్రాసిన పృథూదకస్వామి ఒక ఉదాహరణమును చూపెను. 30 హస్తముల పొడవు, 8 హస్తముల వెడల్పు గల వాపి. పొడవున ఐదు భాగములు: 4, 5, 6, 7, 8 హస్తములు. వాని లోతులు వరుసగా 9, 7, 7, 3, 2. లోతులను మాత్రము కూడి ఐదుతో భాగించిన 5.6 వచ్చును. ఆ లెక్కన వాపి 1344 ఘనహస్తములు. బ్రహ్మగుప్తుని విధి అట్లు చేయనీయదు. ప్రతి లోతును దాని భాగపు పొడవుతో గుణించి కూడవలెను. 36, 35, 42, 21, 16 కలిసి 150. దానిని మొత్తము పొడవు 30తో భాగించిన సమవేధము 5. వాపి ఫలము 1200 ఘనహస్తములు. చిన్న భాగపు పెద్ద లోతునకు, పెద్ద భాగపు చిన్న లోతునకు సమానగౌరవమిచ్చుటచే 144 ఘనహస్తముల నీరు లేనిది ఉన్నట్లు కనబడినది.

నేటి నగరములలోని ఈతకొలనుల లెక్కలో కూడ ఈ పొరపాటు సులభముగా జరుగును. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల కొలనున 15 మీటర్ల మేర లోతు 1.2 మీటర్లు, మిగిలిన 10 మీటర్ల మేర 2 మీటర్లని తలంచుడు. రెండు లోతుల సగటు 1.6 అని గ్రహించిన 4,00,000 లీటర్లని తేలును. బ్రహ్మగుప్తుని విధిచే సమవేధము 1.52 మీటర్లు, నీరు 3,80,000 లీటర్లు. శుద్ధిచేయు ఔషధమును నీటి పరిమాణమును బట్టి కలుపుదురు గనుక ఈ 20,000 లీటర్ల భేదము కేవలము కాగితముపై నిలువదు.

అంచులు వంకరలు తిరిగిన ఖాతమునకు లీలావతి మరియొక ఉపాయము చెప్పినది. పెక్కు స్థానములలో కొలిచి, కూడి, స్థానసంఖ్యచే భాగించుట. పొడవు మూడు చోట్ల 10, 11, 12. వెడల్పు 6, 5, 7. లోతు 2, 4, 3. సమమితులు 11, 6, 3. ఫలము 198 ఘనహస్తములు. క్రీ.శ. 1545 నాటి బుద్ధివిలాసినీ వ్యాఖ్యలో గణేశదైవజ్ఞుడు, కొలిచిన స్థానములు ఎంత అధికమైన ఫలము అంత సూక్ష్మమగునని వివరించెను. అనగా ఇది స్వభావముచే స్థూలమైన మార్గము. శ్రమను బట్టి సూక్ష్మమునకు చేరువగును.

లోతు తెలియవలెనన్నను నీటిలో దిగనక్కరలేదని భాస్కరుని పద్మోదాహరణము నిరూపించును. సరస్సున ఒక తామరమొగ్గ నీటిపైన అరహస్తము ఎత్తున నిలిచియున్నది. గాలికి మెల్లగా వాలి రెండు హస్తముల దూరమున నీట మునిగినది. కాడ పొడవు మారదు. నిలువుగా నున్నపుడు అది లోతు కంటె అరహస్తము అధికము. వాలినపుడు లోతును రెండు హస్తములను భుజకోటులుగా గల త్రిభుజమునకు కర్ణము. గణించిన లోతు 3¾ హస్తములు. శుల్బకారులు వేదికై రజ్జువును సాగదీసి తెలిసికొనిన కర్ణసూత్రము ఇచట తామరకాడయందు దర్శనమిచ్చుచున్నది.

తెలుగునేలపై

మహావీరాచార్యుని గ్రంథమును పావులూరి మల్లన సారసంగ్రహగణితముగా తెలుగు చేసెను. కవిత్రయ భారతమునకు ఇచ్చు గౌరవముతో పాటు, శాస్త్రమును తెలుగు పద్యమున నిలిపిన ఈ మహనీయుని కూడ తెలుగువారు స్మరింపదగును.

శాస్త్రము శిలపై నిలిచిన చోటు కడప మండలమున పోరుమామిళ్ళ. శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనము అచటి చెరువు చరిత్రను చెప్పుచున్నది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అనంతరాజసాగరమను పేర దానిని కట్టించెను. కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7. ప్రతిదినము వేయిమంది పనివారు, రాళ్ళు మోయుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము. శాసనము ఈ సంఖ్యలతో తృప్తి చెందక ఉత్తమ తటాకమునకు పండ్రెండు సాధనములను, విడువవలసిన ఆరు దోషములను కూడ పరిగణించెను. జలశాస్త్రజ్ఞుడుండుట సాధనములలో ఒకటి. దోషములలో రెండు ఈ వ్యాసవిషయమునకు ప్రాణము వంటివి. నీరు స్వల్పమై దానిని కోరు భూమి విస్తారమగుట ఒకటి. భూమి స్వల్పమై నీరు అధికమగుట రెండవది. ఈ రెండు దోషములను ముందుగా గుర్తింపవలెనన్న చెరువు ఎంత నీరు పట్టునో కట్ట వేయకమునుపే తెలియవలెను. ఇట్లు శాసనకర్త దృష్టిలో జలపరిమాణజ్ఞానము తటాకధర్మమున ఒక అంగము. అది లేని దానము దోషయుక్తము.

స్థూలమును స్థూలమని చెప్పుట

బ్రహ్మగుప్తుని వ్యావహారికశబ్దమును చూడగానే వేదాంతులకు వ్యావహారిక పారమార్థిక సత్తల విచారము స్ఫురించుట సహజము. ఆ రెండును ఒకటే అనుట యుక్తము కాదు. గణితమున వ్యావహారికమనగా పనివాడు నిత్యము వాడుకొను లెక్క. దానిని సూక్ష్మము సవరించును గాని, అద్వైతమున వలె బాధింపదు. ఐనను సాధకుడు గ్రహింపదగిన శిక్షణ ఒకటి రెంటియందును కలదు. వ్యవహారమునకు చాలునది వేరు, తత్త్వము వేరు అను ఎరుక. బ్రహ్మగుప్తుడు స్థూలఫలమును దాచలేదు, నిందింపలేదు, సత్యమని చాటనులేదు. దాని పేరుతో దానిని చెప్పెను. తక్కువగు స్థూలమును ఒకవైపు, ఎక్కువగు స్థూలమును మరియొకవైపు నిలిపి, ఆ రెంటినే సాధనములుగా చేసికొని సూక్ష్మమును చేరెను.

మన పూర్వులకు సమస్తమును తెలియునని గర్వించుట సులభము. వారు ఏమి చెప్పిరో, ఎచట పొరబడిరో, ఎవరు సవరించిరో తెలిసికొని గౌరవించుట కష్టమైనను శ్రేయస్కరము. ఆలయముల వద్ద కోనేటి జలపరిమాణమును ఫలకముపై వ్రాయించువారు, ముఖము, తలము, లోతు ఎన్ని చోట్ల కొలిచిరో, ఏ విధిచే గణించిరో కూడ ఒక్క పంక్తి చేర్చుట మేలు. నాలుగు మూలలలోని నీటిని కూడ ఉన్నది ఉన్నట్లు చెప్పుట సత్యవ్రతమున భాగమే.